కాన్పు గదిలో రక్తాన్ని కొలిచే డ్రేప్: కొనే ముందు చూసుకోవలసినవి

కాన్పయిన తర్వాత తల్లికి ఎంత రక్తం పోయిందో కంటి అంచనాకు వదిలేయకుండా కొలిచి చూపించే ప్లాస్టిక్ డ్రేపులను ఇప్పుడు ఆర్డరు పెడితే మన ఊళ్ల సర్జికల్ దుకాణాలవారు కూడా తెప్పించి ఇస్తున్నారు. ప్రసూతి నర్సింగ్ బోధించే వృత్తిలో ఉన్నందున మా స్కిల్ ల్యాబ్ కోసం వీటిని తెప్పించాను. మా విద్యార్థినులు క్లినికల్ పోస్టింగుకు వెళ్లే ఆసుపత్రి కాన్పు గదిలో సిస్టర్లు వాడుతుండగా దగ్గరుండి చూశాను. ఒకటికి మించిన కంపెనీల సరుకు చేతికి వచ్చింది కనుక ఎవరి పేరూ ఎత్తకుండా, ఈ వస్తువు ఎలా పనిచేస్తుంది, దీని వెనుక ఉన్న పరిశోధన ఎంత గట్టిది, ఏమేమి చూసుకుని కొనాలి అన్నవి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వస్తువు మంచిదే, కానీ దాన్ని కొని అలమరలో పెట్టినంత మాత్రాన తల్లికి ఒరిగేదేమీ లేదని పరిశోధనలే చెబుతున్నాయి. సిబ్బంది శిక్షణకు కూడా సమయం కేటాయించగల ఆసుపత్రికే ఇది కొనదగిన వస్తువు.

చూడటానికి ఇదొక పలచని, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. పై అంచును తల్లి పిరుదుల కిందికి జరిపి, రెండు వైపులా ఉన్న పట్టీలను పొట్ట మీదుగా తెచ్చి ముడి వేస్తారు. కింది భాగం గరాటులా సన్నబడుతూ వచ్చి సంచిగా ముగుస్తుంది. ఆ సంచి కాన్పు బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతుంది. సంచి మీద మిల్లీలీటర్లలో గీతలు, అంకెలు అచ్చువేసి ఉంటాయి. మంచి రకం డ్రేపులో 300 దగ్గర హెచ్చరిక గీత, 500 దగ్గర చర్య గీత మిగతావాటి కంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. యంత్రం లేదు, బ్యాటరీ లేదు, కరెంటు పోతే ఆగిపోయేది ఏదీ లేదు. ఇంత సాదా వస్తువు మీద ఖండాంతరాల్లో క్లినికల్ ట్రయల్స్ జరిగాయంటే కొత్తగా వింటున్నవారికి ఆశ్చర్యంగానే ఉంటుంది.

విదేశీ సరుకు అనుకునేవారు చాలామంది ఉన్నారు గానీ, దీని చరిత్రలో ముఖ్యమైన ఘట్టం మన పొరుగు రాష్ట్రంలోనే నడిచింది. కర్ణాటకలోని బెళగావిలో జవాహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ వైద్యులు, అమెరికా పరిశోధకులతో కలిసి, 2002 నుంచి 2005 వరకు ఆ జిల్లా గ్రామీణ ప్రాంతాల్లో ఒక ట్రయల్ నడిపారు. ఏఎన్‌ఎంలు చేసిన 1,620 కాన్పుల్లో సగం మంది తల్లులకు గర్భసంచిని గట్టిపరిచే మిసోప్రోస్టాల్ మాత్రలు, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి, రక్తస్రావంలో తేడా ఎంతో చూడాలన్నది వారి ప్రశ్న. తేడా చూడాలంటే ముందు పోయిన రక్తాన్ని కొలవాలి. పల్లెలో, ఇంట్లో జరిగే కాన్పులో కూడా కొలవగలగాలి. ఆ అవసరం కోసమే వారు గరాటు సంచి ఉన్న డ్రేపును రూపొందించుకుని, తయారుచేసిన ఏడుగురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి 'బ్రాస్-వీ' అని పేరు పెట్టుకున్నారు. మందు తీసుకున్నవారిలో అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గిందని 2006లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఆ ఫలితం ప్రసిద్ధమే. డ్రేపు సంగతి అంతగా ప్రచారం కాలేదు.

అదే బృందం అదే ఏడాది ప్రచురించిన మరో చిన్న అధ్యయనం, నా దృష్టిలో, ఈ వస్తువును కొనాలా వద్దా అని ఆలోచించేవారు తప్పక తెలుసుకోవలసినది. 123 మంది తల్లులలో కొందరికి రక్తాన్ని కంటితో అంచనా వేశారు, కొందరికి డ్రేపుతో కొలిచారు; కంటి అంచనా డ్రేపు కొలత కంటే 33 శాతం తక్కువగా వచ్చింది. ఆ లెక్కన 600 మిల్లీలీటర్లు పోయిన తల్లికి కేస్ షీటులో 400 అని రాసి ఉంటుంది. 500 దాటితేనే అధిక రక్తస్రావం అని మనం పాఠం చెబుతాం కాబట్టి, ఆ తల్లి కాగితం మీద క్షేమంగానే ఉంటుంది. ఆమె మంచం దగ్గరికి ఎవరూ పరుగెత్తరు. చాలా కాన్పు గదుల కేస్ షీట్లలో రక్తం ఎంత పోయిందన్న చోట ఎప్పుడు చూసినా ఒకే అంకె, లేదా 'నార్మల్' అన్న ఒకే మాట ఉండటం ఈ వృత్తిలో ఉన్నవారెవరికీ కొత్త కాదు. తల్లులందరికీ ఒకే కొలతలో రక్తం పోవడమన్నది జరిగే పని కాదు గనుక అది కొలిచి రాసిన అంకె కాదని వేరే చెప్పనక్కరలేదు.

షికాగోలో మత్తు వైద్యులు 2007లో ప్రచురించిన ప్రయోగం ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి తేల్చింది. కృత్రిమ కాన్పు దృశ్యాలు ఏర్పాటుచేసి, గీతలు లేని సంచిలో, గీతలున్న సంచిలో ద్రవం పోసి ఎంతో చెప్పమని అడిగారు. గీతలు లేనప్పుడు 300 మిల్లీలీటర్ల దగ్గర 16 శాతం తక్కువ చెప్పినవారు, రెండు లీటర్ల దగ్గరికి వచ్చేసరికి 41 శాతం తక్కువ చెప్పారు. అంటే ప్రమాదం పెరిగేకొద్దీ మన కన్ను మరింత మోసం చేస్తుందన్నమాట. గీతలున్న సంచితో ఏ మోతాదు దగ్గరా పొరపాటు 15 శాతానికి చేరలేదు.

మా స్కిల్ ల్యాబ్‌లో దీన్ని తేలికగా చూపించవచ్చు. గంజిలో ఎర్ర రంగు కలిపి ముప్పావు లీటరు కొలిచి పెట్టుకుంటాను. కొంత ప్యాడ్ల మీద, కొంత పాత చీర ముక్కల మీద, కొంత మాకింతోష్ అనే రబ్బరు షీటు మడతల్లో, మిగిలింది బల్ల కింది బకెట్‌లో పోస్తాను. ఎంత అని అడిగితే చివరి సంవత్సరం విద్యార్థినులే కాదు, అనుభవమున్న సిస్టర్లలో కూడా ఎక్కువ మంది అర లీటరు దాటనివ్వరు. బట్ట ఎంత పీల్చుకుంటుందో ఎవరికీ అందదు. బకెట్‌లో ఉన్నదే లెక్కకు వస్తుంది. అదే ద్రవాన్ని డ్రేపులో పోసినప్పుడు ఆ చర్చే ఉండదు, వేలు పెట్టి గీత చూపిస్తారు. బోధనా సాధనంగా మాత్రమే చూసినా దీనికి పెట్టిన డబ్బు వృథా కాదు.

అసలు కాన్పు గదిలోకి వెళ్తే ఇబ్బందులు మొదలవుతాయి. బిడ్డ పుట్టాక, ఉమ్మనీరు పోయాక, మాయ రాకముందే డ్రేపును అమర్చాలి. ముందే వేస్తే ఉమ్మనీరు కూడా సంచిలో చేరి అంకె పెరిగిపోతుంది. ఆలస్యంగా వేస్తే మాయతోపాటు వచ్చే రక్తమే లెక్కలో ఉండదు. ఈ రెండింటి మధ్య దొరికే సమయంలో బిడ్డను తుడవాలి, తల్లి ఛాతీ మీద పెట్టాలి, గర్భసంచి గట్టిపడేందుకు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. ఒక్క సిస్టరే డ్యూటీలో ఉన్న చోట డ్రేపు పట్టీలు ముడివేయడం వెనకబడుతుంది. ప్యాకెట్ ముందే విప్పి, షీటును సరిగా మడిచి, చేతికందే దూరంలో ఉంచుకునే అలవాటు ఉన్న గదిలో ఈ సమస్య చాలావరకు తగ్గడం చూశాను. ఒక కంపెనీ డ్రేపు మడతలు విప్పేసరికి పై అంచు ఏదో కింది అంచు ఏదో తెలియక తిప్పి తిప్పి చూడవలసి వచ్చేది. పై అంచు మీద ఒక చిన్న గుర్తు వేసి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

రెండో ఇబ్బంది మంచాలది. కింది భాగం లాగేసే వీలున్న కాన్పు బల్ల మీద సంచి చక్కగా వేలాడుతుంది. మామూలు ఇనుప మంచం మీద తల్లిని అంచు దాకా జరపకపోతే సంచి పరుపు మీద చదునుగా పడి ఉంటుంది, రక్తం గరాటు నోటిదాకా రాకుండా షీటు మడతల్లో నిలిచిపోతుంది, గీతలు చూపే అంకెకు అర్థం ఉండదు. ఇక కుట్లు వేసేటప్పుడు వాడిన ప్యాడ్లు, దూది సంచిలోనే పడేసే అలవాటు. అవి రక్తాన్ని పీల్చుకుంటాయి, పైగా అవి ఆక్రమించిన చోటు కూడా గీతల్లో రక్తంగానే కనిపిస్తుంది. వాటిని విడిగా ఉంచి తూచాలి. తడిసిన బరువులోంచి పొడి బరువు తీసేస్తే వచ్చే ప్రతి గ్రామునూ ఒక మిల్లీలీటరుగా లెక్క వేసుకోవచ్చు. అందుకని డ్రేపుతోపాటు చిన్న తూకం యంత్రం ఒకటి గదిలో ఉండాల్సిందే. ఆ మాట ఏ ప్యాకెట్ మీదా రాసి ఉండదు.

ఇక వస్తువు వెనుక ఉన్న అసలు ప్రశ్న. కొలిస్తే సరిపోతుందా? ఐరోపాలో 13 దేశాల్లోని 78 ప్రసూతి కేంద్రాల్లో 25,381 కాన్పుల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. కొన్ని కేంద్రాలకు రక్తం పట్టే సంచులు ఇచ్చారు, మిగతావి కంటి అంచనాతోనే నడిచాయి. తీవ్ర రక్తస్రావం సంచులున్న చోట 1.71 శాతం, లేని చోట 2.06 శాతం. ఆ కొద్దిపాటి తేడా యాదృచ్ఛికంగా వచ్చిందేమో అన్న అనుమానాన్ని తోసిపుచ్చేంత గట్టిది కాదని పరిశోధకులే తేల్చారు. అంటే సంచి అంకె చూపించింది, కానీ అంకె చూసినవారు ఏమి చేయాలో దానికి ముడిపెట్టలేదు. ఈ వస్తువును అమ్మేవారి కరపత్రాల్లో ఈ ట్రయల్ ప్రస్తావన నాకు ఎక్కడా కనిపించలేదు. కనిపిస్తుందని అనుకోవడం కూడా అత్యాశే.

దానికి జవాబు 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన 'ఈ-మోటివ్' ట్రయల్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆరి కుమారసామి నాయకత్వంలో, కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లోని 80 ఆసుపత్రులలో, 2,10,132 మంది తల్లుల సాధారణ కాన్పులపై జరిగిన అధ్యయనం ఇది. ఇందులో డ్రేపును ఒంటరిగా ఇవ్వలేదు. 500 గీత దాటగానే, లేదా 300 దాటి నాడి, బీపీ వంటివి తేడాగా ఉన్నప్పుడు, గర్భసంచిని మర్దన చేయడం, గర్భసంచిని గట్టిపరిచే మందు ఇవ్వడం, కట్టిన గడ్డ కరగకుండా ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్ ఎక్కించడం, మూత్రాశయం నిండి ఉందేమో, ఎక్కడైనా చిరిగిందేమో పరీక్షించడం, అదుపులోకి రాకపోతే పై వైద్యులను పిలవడం, ఇవన్నీ ఒకదాని ఫలితం కోసం ఇంకోటి ఆగకుండా వెంటవెంటనే చేయాలని నేర్పారు. తొలి గంటలో ప్రతి 15 నిమిషాలకు గమనికలు రాయించారు. పోలిక కోసం ఉంచిన ఆసుపత్రుల్లో గీతలు లేని డ్రేపులు వాడి, ఆ రక్తాన్ని తర్వాత తూచారు గనుక రెండు వైపులా కొలత నమ్మదగినదే.

ఫలితం చూస్తే, కొత్త పద్ధతి అమలైన చోట అధిక రక్తస్రావాన్ని సిబ్బంది గుర్తించడం 93.1 శాతం, మిగతా చోట 51.1 శాతం. చికిత్స అంతా పూర్తిగా అందడం 91.2 శాతం, మిగతా చోట 19.4 శాతం. లీటరుకు మించిన రక్తస్రావం, రక్తం ఆపడానికి పొట్ట కోసి చేసే ఆపరేషన్, రక్తస్రావంతో మరణం, ఈ మూడింటినీ కలిపి చూస్తే 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయింది. మరణాలను మాత్రమే విడిగా తీస్తే తేడా అంత స్పష్టంగా నిలబడలేదన్నది కూడా చెప్పాలి; ప్రచారంలో 60 శాతం తగ్గింది అన్న అంకె ఒక్కటే వినిపిస్తుంది కాబట్టి. ట్రానెక్సామిక్ ఆమ్లం సంగతి దానికదే ఇంకో కథ. 21 దేశాల్లో 20,060 మంది తల్లులపై జరిగి 2017లో వెలువడిన 'ఉమన్' ట్రయల్ వల్లనే ఆ మందు ఈ జాబితాలోకి వచ్చింది; కాన్పయిన మూడు గంటల లోపు ఇస్తేనే ఫలితం ఉంటుందన్న నియమం కూడా అక్కడిదే. త్వరగా గుర్తించే సాధనం విలువ ఆ మూడు గంటల గడువు వల్ల ఇంకా పెరిగింది.

నేర్పే పని చేసేదాన్ని కనుక నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ-మోటివ్ ట్రయల్‌లో మందుల జాబితా కంటే శిక్షణ ఇచ్చిన తీరు. సిబ్బందిని ఎక్కడో రాజధానిలో హోటలు సమావేశానికి పిలవలేదు. వాళ్ల కాన్పు గదిలోనే, వాళ్ల ట్రాలీ దగ్గరే, బొమ్మతో సాధన చేయించారు. ప్రతి ఆసుపత్రిలో చొరవ ఉన్న ఒకరిద్దరిని ఎంచి బాధ్యత అప్పగించారు. కావలసిన మందులన్నీ ఒకే పెట్టెలో ఉంచి, వాడిన వెంటనే మళ్లీ నింపే ఏర్పాటు చేశారు. తమ ఆసుపత్రి అంకెలు తమకే నెలనెలా చూపించారు. కంటితో అంచనా వేయడం నేర్పిన తరగతుల మీద జరిగిన అధ్యయనాల్లో, తరగతి అయిన వెంటనే కనిపించిన మెరుగుదల కొన్ని నెలలకే కరిగిపోవడం తేలింది. కాబట్టి ఒకసారి వర్క్‌షాప్ పెట్టి, సర్టిఫికెట్లు పంచి, ఫొటో దిగి ముగించే పద్ధతిలో ఈ డ్రేపును ప్రవేశపెడితే 2010 నాటి ఐరోపా ఫలితమే మనకూ వస్తుంది.

మన దగ్గర మళ్లీ మళ్లీ సాధన చేయించడానికి ఇంకో కారణం ఉంది. 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు దేశంలో 97 ఉండగా తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది సంతోషించదగినదే, కానీ చిన్న ఆసుపత్రిలో పనిచేసే సిస్టర్‌కు ప్రాణాంతకమైన రక్తస్రావం చాలా అరుదుగానే ఎదురవుతుందన్న అర్థం కూడా ఇందులో ఉంది. అరుదుగా ఎదురయ్యేదానికి చేతులు అలవాటు పడాలంటే బొమ్మ మీదే పడాలి. మరోవైపు మన గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. హిమోగ్లోబిన్ ఏడెనిమిది ఉన్న తల్లికి 500 గీత దాకా ఆగడం క్షేమం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా, నాడి, బీపీలలో ఏదైనా తేడా ఉంటే 300 మిల్లీలీటర్లకే చికిత్స మొదలుపెట్టాలని చెబుతున్నాయి. డ్రేపు వాడుక బాగా అలవాటైన గదిలో సంభాషణే మారిపోతుంది. "ఎలా ఉంది సిస్టర్?" అని డ్యూటీ డాక్టరమ్మ ఫోనులో అడిగితే, "మామూలుగానే పోతోంది మేడమ్" అనే బదులు, "మూడు వందలు దాటింది మేడమ్, నాడి 110 ఉంది" అని జవాబు వస్తుంది. రెండో జవాబు విన్న డాక్టరు ఫోను పెట్టేసి నిద్రపోలేరు.

ఒక పరిమితిని మాత్రం కొనేవారు మరచిపోకూడదు. ఈ పరిశోధనంతా సాధారణ కాన్పుల మీద జరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ థియేటర్‌లో రక్తం సక్షన్ సీసాలోకి, దాన్ని అద్దే గుడ్డ మాప్‌లలోకి వెళ్తుంది, ఉమ్మనీటితో కలిసిపోతుంది; అక్కడ ఈ డ్రేపు పెద్దగా అక్కరకు రాదు. కాన్పుల్లో ఎక్కువ భాగం సిజేరియన్లే జరిగే ప్రైవేటు నర్సింగ్ హోములు దీన్ని కొని గోడ మీద ప్రకటన వేసుకోవడం కంటే, థియేటర్‌లో మాప్‌లు తూచే అలవాటు చేసుకోవడం మేలు. రాత్రీ పగలూ సాధారణ కాన్పులు జరిగే ఏరియా ఆసుపత్రులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, మిడ్‌వైఫరీ శిక్షణ ఉన్న సిస్టర్లు నడిపే గదులకు ఇది ఎక్కువగా పనికొస్తుంది.

పారవేయడం గురించి ఒక మాట. సంచిలోని రక్తాన్ని శుద్ధి చేయకుండా కాలువలో పోయకూడదు. ఖాళీ డ్రేపు ప్లాస్టిక్ కనుక ఎర్ర బుట్టలోకా, రక్తంతో తడిసింది కనుక పసుపు బుట్టలోకా అని ఒక్కో షిఫ్టులో ఒక్కో రకంగా చేయడం చూశాను. తమ వ్యర్థాల ఏజెన్సీతో ముందే మాట్లాడి గోడ మీద రాసి పెట్టుకుంటే గొడవ ఉండదు. ఇది ఒక్కసారి వాడి పారేయవలసినదే. కడిగి ఆరబెట్టి మళ్లీ వాడదామన్న పొదుపు ఆలోచన తల్లికి ఇన్ఫెక్షన్ తెచ్చిపెడుతుంది.

సరుకులో నాణ్యత తేడాలు ఎక్కువగా ఉన్నాయి. నాకు వచ్చినవాటిలో ఒకదాని మీద వందకొక గీత ఉందే తప్ప 300, 500 గీతలకు ప్రత్యేకత ఏమీ లేదు. రాత్రిపూట ట్యూబ్‌లైటు వెలుతురులో రక్తం నిండిన సంచి మీద ఆ నల్ల అంకెలు చదవడం కష్టమైంది. ఇంకోదాని పట్టీలు పొట్టివి, లావుగా ఉన్న తల్లికి ముడి అందలేదు. మరోటి ప్లాస్టిక్ మరీ పలచన, లీటరు దగ్గరికి వచ్చేసరికి అతుకు దగ్గర సాగింది. అందుకని పెద్ద ఆర్డరు ఇచ్చే ముందు దుకాణదారును ఒక నమూనా అడిగి తీసుకోవాలి. బల్ల అంచున వేలాడదీసి, కొలజాడీతో 300, 500, 1000 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, నీటి మట్టం గీతలతో కలుస్తోందో లేదో, రెండడుగుల దూరం నుంచి అంకెలు కనిపిస్తున్నాయో లేదో రాత్రి డ్యూటీ సిస్టర్‌తోనే చూపించుకుని ఆ తర్వాత బిల్లు రాయించుకోవాలి. నమూనా ఇవ్వడానికి వెనకాడిన దుకాణంలో నేనైతే కొనలేదు.